కారణం తెలిసిన కాటు

కళ్ళజోళ్ళ దుకాణం,
సోమవారం

బుజ్జీ,

ఈ ఉత్తరం తెచ్చిన వ్యాన్ డ్రైవర్ మా దుకాణానికి అద్దాలు తెచ్చే మనిషే. అతని వెనక సీట్లో మా బొగ్గు ఉన్నాడు చూడు. కంగారుపడకు, కొంపలేం మునగలేదు. మీ బావకి కుక్క వెంట్రుకలు పడటం లేదు. ఒకటే తుమ్ములు. ఇంట్లో ఉంచుకోవడం కుదరదని తేలిపోయింది. కుక్కలకి ఇళ్ళు వెతికి పెట్టడమే నీ ఉద్యోగమైనప్పుడు వాణ్ణి ఇంకెవరి చేతుల్లోనో పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

వాడి సంగతులు రాస్తాను. పాప స్కూలు నుంచి వచ్చేదాకా ముద్ద ముట్టడు. తలుపు మూసిన గదిలో ఉంచితే ఊపిరాడనట్టు చేస్తాడు. తాళాల గుత్తి చప్పుడైతే మంచం కింద దూరతాడు. అదొక అలవాటు, పట్టించుకోకు. పెద్ద ఇల్లు, తోట లాంటివేం అక్కర్లేదు. మెత్తగా మాట్లాడే మనుషులైతే చాలు. కాస్త త్వరగా చూడు.

నాకు ఫోన్ చెయ్యకు, ఎప్పుడూ పాప చేతిలోనే ఉంటుంది. ఇంటికి రాయకు. దుకాణానికి రాస్తే మా ఓనరమ్మ నా చేతికే ఇస్తుంది. ఇంకో మాట. బొగ్గు నీ దగ్గరున్నాడని మీ బావకి తెలియనక్కర్లేదు. ఊరి చివర వదిలేశానని చెప్పాను. వాడి పేరెత్తితేనే ఆయనకి చిరాకు. ఎందుకొచ్చిన గొడవ.

పాప వాడి గిన్నె కడిగి ఇచ్చింది. అదీ పంపుతున్నాను.

అక్క


జంతువుల షెల్టరు, ఆఫీసు గది,
గురువారం

అక్కా,

మీవాడు క్షేమం. వ్యాన్ దిగగానే మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని మేనేజరులా చూశాడు. సాయంత్రం స్కూలు బస్సు అటుగా వెళ్ళేదాకా నిజంగానే ముద్ద ముట్టలేదు.

నిన్న వాడికోసం మొదటి ఇల్లు చూసొచ్చాను. నేనొస్తున్నానంటే అందరూ ఇల్లు తుడిచి, పిల్లలకి తలలు దువ్వి కూర్చోబెడతారు. పైన పటారం చూసి మురిసిపోతే మా పని అయినట్టే. అందుకే నాకో అలవాటుంది, మా డాక్టరమ్మకి తప్ప ఎవరికీ చెప్పను. వాళ్ళిచ్చిన మంచినీళ్ళ గ్లాసు చెయ్యి జారినట్టు కింద పడేస్తాను. మామూలు ఇంట్లో అందరూ నీళ్ళ వంక చూస్తారు. ఒకరు గుడ్డ కోసం లేస్తారు, ఒకరు పర్లేదండీ అంటారు. కొన్ని ఇళ్ళలో మాత్రం నీళ్ళ వంక ఎవరూ చూడరు. అందరూ ఒక్క మనిషి మొహం వంక చూస్తారు. ఆ ఇల్లు అద్దంలా మెరుస్తున్నా సరే, నేను కుక్కనివ్వను.

నిన్నటి వాళ్ళు ఆ గండం గట్టెక్కారు. కానీ కుక్కని బాల్కనీలో కట్టేస్తారట. బాల్కనీలో బట్టలారేసుకోండి అని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. డాక్టరమ్మ వాణ్ణి పరీక్ష చేసింది. ఒక పక్కటెముక ఎప్పుడో విరిగి, దానంతటదే వంకరగా అతుక్కుంది. నిన్న మా ఆయన బస్సు డ్యూటీ దిగి, నన్ను తీసుకెళ్ళడానికి ఇక్కడికొచ్చి, యూనిఫాం మార్చుకుంటూ బెల్టు విప్పి కుర్చీ మీద వేశాడు. అంతే, బొగ్గు నేలకి కరుచుకుపోయి తడిపేసుకున్నాడు. మా ఆయన సంగతి తెలుసుగా, చీమ అడ్డమొస్తే పక్కకి తప్పుకునే మనిషి. నేనేం చేశానే అని అన్నం కూడా సరిగా తినలేదు.

వాడెప్పుడైనా ఎవర్నైనా కరిచాడా అక్కా? తీసుకునేవాళ్ళు మొదట అడిగేది అదే. దాచిపెట్టి ఇస్తే, రేపు అక్కడ కరిస్తే, పోయేది వాడి ప్రాణమే. ఇంకోటి. పోయినేడు నేనొచ్చినప్పుడు బావగారు సోఫాలో వాణ్ణి ఆనుకుని కూర్చుని టీవీ చూశారు. ఒక్క తుమ్ము తుమ్మిన గుర్తు లేదు నాకు.

నీ చెల్లి


కళ్ళజోళ్ళ దుకాణం,
మంగళవారం

బుజ్జీ,

పిల్లనివ్వడానికైనా ఇంత వాకబు చెయ్యరే తల్లీ. ఒక కుక్కకి చోటు చూడమంటే నువ్వు మా ఇంటి పునాదులు తవ్వుతున్నావు. తుమ్ములు ఈ మధ్య మొదలయ్యాయి. రోగం చెప్పి వస్తుందా?

పక్కటెముక అంటావా, మెట్ల మీంచి పడ్డాడు. చిన్నప్పుడు. కరవడం ఒక్కసారే, అదీ మీ బావనే. చేతి మీద. ఆడుకుంటుంటే పళ్ళు దిగాయి, అంతకంటే ఏం లేదు. కట్టు కట్టుకుంటే మానిపోయింది.

ఆ గ్లాసు సంగతి మాత్రం నాకేం నచ్చలేదు. మంచినీళ్ళిచ్చిన ఇంట్లో నీళ్ళు ఒలకబోసి తమాషా చూడటమేమిటి? ఇంట్లో ఏదైనా జరిగితే ఇంటాయన మొహం చూడటం తప్పా? భయం వేరు, గౌరవం వేరు. నీకు పెళ్ళయి ఇన్నేళ్ళయినా పిల్లచేష్టలు పోలేదు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. అద్దాల అంచులు అరగదీస్తుంటే ఈ మధ్య చేతులు నిలవడం లేదు, రెండు జతలు పాడుచేశాను. ఓనరమ్మ ఏమీ అనలేదు. వయసు మీదపడుతోందేమో.

వచ్చినవాళ్ళలో కాస్త మంచివాళ్ళని చూసి ఇచ్చెయ్. నిద్రలో ఉన్నప్పుడు తాకకూడదని మాత్రం చెప్పు. ఆ రోజు కూడా నిద్రలో ఉన్నవాణ్ణి తాకబట్టే కరిచాడు.

అక్క


జంతువుల షెల్టరు,
శనివారం

అక్కా,

నీ ఉత్తరంలో పైనేమో ఆడుకుంటూ కరిచాడన్నావు. కిందేమో నిద్రలో ఉంటే తాకారన్నావు. వాడు నిద్రలో ఆడుకుంటున్నాడా?

నిన్న రెండో ఇల్లు చూశాను. రిటైరైన లెక్కల మాస్టారు. పెరడుంది, నీడ ఉంది, వాడికోసం కొత్త పరుపు కూడా కొన్నారు. నేను అడగబోయే ప్రశ్నలన్నిటికీ అడక్కుండానే జవాబులు చెప్పారు. భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మనసులో ఇచ్చేద్దామనే అనుకున్నాను. గ్లాసు పడేశాను. నీళ్ళు ఆవిడ పాదాల దాకా పారాయి. ఆవిడ కిందికి చూడలేదక్కా, ఆయన్నే చూసింది. ఆయన నవ్వుతూ, తుడుస్తుందిలెండి అన్నారు. అప్పుడు వంగింది ఆవిడ. కుదరదని చెప్పేసరికి ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు, గేటు దాకా తిట్టుకుంటూ వచ్చారు. భయం వేరు, గౌరవం వేరు అన్నావు. ఆవిడ మొహం చూసుంటే ఆ తేడా ఏమిటో నీకే తెలిసేది.

ఇప్పుడు చెప్పేది విని నన్ను తిట్టు, పర్లేదు. కరిచిన సంగతి డాక్టరమ్మకి చెప్పేశాను. దాచడం నా చేతకాదు, నేను దాచి ఇచ్చిన కుక్క రేపు ఎవరి బిడ్డనో కరిస్తే నాకు నిద్ర పట్టదు. మా దగ్గర నియమం ఒకటుంది. కారణం తెలిసిన కాటైతే, ఆ కారణం లేని ఇల్లు చూసి ఇస్తాం. కారణం తెలియని కాటైతే ఎవరికీ ఇవ్వం, ఎక్కువ రోజులు ఉంచం. ప్రాణం తీసే ఇంజక్షనే. నెలాఖరుకల్లా తేల్చమంది డాక్టరమ్మ. నేనే పెంచుకుంటానంటే, ఇంట్లో పాకే పిల్లాణ్ణి పెట్టుకుని నీకెలా ఇస్తాననుకున్నావు అంది. ఆవిడ మాట న్యాయమే.

కాబట్టి పరాయివాళ్ళని అడిగినట్టే అడుగుతున్నాను. ఏ చెయ్యి కరిచాడు? ఆ చేతిలో ఏముంది? గదిలో ఎవరెవరున్నారు? తలుపు తీసుందా, మూసుందా? నిజం రాయి. లేకపోతే మీ బొగ్గు పోతాడు.

నీ చెల్లి


కళ్ళజోళ్ళ దుకాణం,
బుధవారం

ఎందుకు చెప్పావే? ఎవరు చెప్పమన్నారు నిన్ను? వాణ్ణి బతికించమని పంపాను, ఇంజక్షన్ చెయ్యమని కాదు. నీ నియమాలు నీ షెల్టర్లో పెట్టుకో. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నా కడుపు చించుకోమని నన్నే అడుగుతున్నావు. సొంత చెల్లెలివి అయ్యుండి

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపేశాను. ఇప్పుడు దుకాణంలో ఎవరూ లేరు. ఓనరమ్మ తలుపు దగ్గరగా వేసి బయట కూర్చుంది. మళ్ళీ రాస్తున్నాను.

నిన్న రాత్రి అన్నాల దగ్గర నా చేతిలోంచి గ్లాసు జారింది. నీలాగా కావాలని కాదు. నీళ్ళు బల్ల మీంచి కారుతున్నాయి. నేను నీళ్ళ వంక చూడలేదు, ఆయన మొహం వంక చూశాను. నాకది ఎప్పుడూ ఉన్నదేనేమో, నీ ఉత్తరం చదవకపోతే గమనించేదాన్నే కాదు. కానీ బుజ్జీ, పాప ఆయన వంక కూడా చూడలేదే. బొగ్గు పడుకునే మూల వంక చూసింది. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ తల దించుకుని అన్నం కలుపుకుంది.

కుడి చెయ్యి. చేతిలో బెల్టు. గదిలో నేనూ పాపా. తలుపు మూసి ఉంది, గడియ ఆయనే పెట్టారు.

బెల్టు నాకోసం తీశారు. అది కొత్తేం కాదు. నా మీద చెయ్యి చేసుకునే రోజుల్లో బొగ్గు మంచం కిందే ఉండేవాడు. ఒకసారి బయటికొస్తే బూటుకాలితో తన్నారు, ఆ పక్కటెముక అదే. అప్పట్నించి రాలేదు. ఆ రోజు మాత్రం పాప నాకు అడ్డమొచ్చి నిలబడింది. అమ్మని కొట్టకు నాన్నా అంది. చెయ్యి పాప మీదికి లేచింది. వాడు మంచం కింద నుంచి ఎప్పుడొచ్చాడో నాకు తెలియదు. మొరగలేదు. చెయ్యి పట్టుకుని, బెల్టు కిందపడేదాకా వదల్లేదు. ఆ తర్వాత వచ్చి పాప కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

గోనెసంచిలో కట్టి కాలవలో పారేస్తానన్నారు. పొద్దున్నే ఆయన లేవకముందు దుకాణానికి తెచ్చేశాను.

ఇది డాక్టరమ్మకి చదివి వినిపించు. సిగ్గుగా ఉంది, అయినా వినిపించు. వాడి తప్పు లేదు.

అక్క


జంతువుల షెల్టరు,
శుక్రవారం

అక్కా,

చదివి వినిపించాను. బెల్టు మాట దగ్గర నేనాగిపోతే డాక్టరమ్మే ఉత్తరం తీసుకుని మిగతాది చదువుకుంది. బొగ్గు పేరున్న పరీక్ష కాయితం మీద ఆవిడ ఇలా రాసింది: "బిడ్డను కొట్టబోయిన చేతిని కరిచింది. కారణం తెలిసిన కాటు. ఇంటికి ఇవ్వదగిన కుక్క." కింద సంతకం పెట్టింది. వాడు బతికాడు అక్కా. నువ్వే బతికించావు.

ఇక నీ సంగతి. నా ఉద్యోగం నాకిచ్చిన తెలివితో చెబుతున్నాను. మీ ఇల్లు నేను చూడ్డానికి వచ్చుంటే ఆ ఇంటికి పిల్లిపిల్లని కూడా ఇచ్చేదాన్ని కాదు. అలాంటి ఇంట్లో నా అక్క ఉంది, నా అక్క కూతురుంది. కుక్కని బయటికి పంపి మీరిద్దరూ లోపలుండటం ఏం లెక్క? నాకు ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, రెండూ కలిసి వస్తున్నాయి.

వచ్చే బుధవారం అదే వ్యాన్ మీ దుకాణానికి వస్తుంది. పాపని స్కూలు నుంచి సరాసరి అక్కడికి తీసుకురా. బట్టలు సర్దకు, సర్దితే తెలిసిపోతుంది. స్కూలు సంచీ ఒక్కటీ చాలు. రేపు లోకం ఏమనుకుంటుందో అని మొదలుపెట్టకు. లోకం నీ ఇంట్లో మంచం కింద లేదు, ఆ రోజు నీకోసం బయటికి రాలేదు.

మా ఆయన ఇప్పుడు బెల్టు మానేసి ప్యాంటుకి తాడు కట్టుకుని బస్సు నడుపుతున్నాడు, బొగ్గు బెదురుతున్నాడని. డిపోలో అందరూ నవ్వుతున్నారట. ఇలాంటి ఇంటికే నువ్వు రాబోయేది. వచ్చెయ్.

నీ చెల్లి


జంతువుల షెల్టరు,
గురువారం

అక్కా,

వ్యాన్ ఖాళీగా వచ్చింది. నువ్వు రాలేదని తప్ప డ్రైవర్ ఏమీ చెప్పడం లేదు. ఎక్కడున్నావు?

ఇంట్లో లేవని నాకు తెలుసు. ఎలా తెలుసంటే, ఈ పొద్దున బావగారు ఇక్కడికొచ్చారు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాటలు. మీ అక్క నిన్నట్నించి ఇంటికి రాలేదమ్మా, పాపని కూడా తీసుకెళ్ళింది, కొంచెం నరాల బలహీనత ఉందిగా అన్నారు. మాకూ తెలియదన్నాను. నిజంగానే తెలియదు కాబట్టి నా మొహంలో ఏం కనిపించలేదనుకుంటా. అప్పుడు బొగ్గుని చూశారు.

"ఓహో, నువ్విక్కడున్నావా" అన్నారు. తర్వాత నాతో, "ఇది నా కుక్కమ్మా. లైసెన్సు నా పేరు మీదే ఉంది. ఇచ్చెయ్, తీసుకెళ్తాను. ఇది ఇంట్లో ఉంటే పాప తనంతట తనే వచ్చేస్తుంది" అన్నారు.

నేను వెళ్ళి బొగ్గు మెడపట్టీ పట్టుకున్నాను. లైసెన్సు ఆయనదే, కాదనడానికి నా దగ్గర ఏముంది? బొగ్గు వణుకుతున్నాడు, కానీ వెనక్కి పోలేదు. అప్పుడు డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ లోపల్నించి వచ్చింది.

"తప్పకుండా తీసుకెళ్ళండి. ఎవరు తీసుకెళ్ళినా కొన్ని ప్రశ్నలడుగుతాం, కూర్చోండి. ముందు మీ కుడి చెయ్యి చూపించండి. ఆ మచ్చ ఎలా పడింది?"

ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నారు. "ఆడుకుంటుంటే పళ్ళు దిగాయి."

"మా దగ్గర వేరేలా రాసుంది. నా సంతకం కూడా ఉంది. బిడ్డ మీద చెయ్యెత్తిన మనిషికి నేను కుక్కనివ్వను. లైసెన్సు మీదే అంటారా, పోలీసుల్ని పిలుస్తాను, ఈ కాయితం వాళ్ళ ముందు చదువుదాం. పిలవమంటారా?"

ఆయన నా వంక చూశారు. అక్కా, ఇన్నేళ్ళలో ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. నువ్వు రోజూ చూసే మొహం అదేనా? తర్వాత వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

బొగ్గు దక్కాడు. కానీ నువ్వు జరిగింది చెప్పావని ఇప్పుడు ఆయనకి తెలిసిపోయింది. నా భయమంతా అదే. ఈ ఉత్తరం డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను, నీ చేతికందుతుందో లేదో తెలియదు. ఒక్క ముక్క రాయి. బతికున్నానని రాసినా చాలు.

బుజ్జి


ఒక గది. ఏ వీధో రాయను.
ఆదివారం

బుజ్జీ,

బతికున్నాను. పాపా బాగుంది. నీ ఉత్తరం ఓనరమ్మ తెచ్చిచ్చింది.

ఆయన వెతుక్కుంటూ మొదట వచ్చేది నీ గుమ్మానికేనని నాకు తెలుసు. అందుకే వ్యాన్ ఖాళీగా పంపాను, డ్రైవర్‌ని నోరు మెదపొద్దన్నాను. నీకు ముందే చెబితే నీ మొహం చూసి కనిపెట్టేసేవారు. నిజం దాచడం నీ చేతకాదు, డాక్టరమ్మ విషయంలో చూశాగా. నిన్ను ఏడిపించానని తెలుసు. తిట్టు, పర్లేదు.

ఇది ఓనరమ్మకి తెలిసినవాళ్ళ మేడ మీది గది. ఒక కిటికీ, ఒక మంచం, గోడకి ఒక మేకు. ఆ మేకుకి పాప స్కూలు సంచీ తగిలించాం, ఇక తగిలించడానికేం లేదు. నిన్న ఆవిడే నన్ను పోలీసు స్టేషన్‌కి తీసుకెళ్ళింది. ఏ చెయ్యి, చేతిలో ఏముంది, గదిలో ఎవరున్నారు అని అక్కడా అడిగారు. నీకు ఒకసారి రాసి ఉన్నాను కాబట్టి నోరు పెగిలింది. డాక్టరమ్మ కాయితం కూడా కావాలంటున్నారు, పంపమని చెప్పు. ఆయన ఊరుకునే మనిషి కాదు. భయం పోలేదు నాకు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే ఇద్దరం మాటలాపేస్తున్నాం.

ఒకటి అడుగుతాను. బొగ్గుని అడిగేవాళ్ళలో నన్నూ కలుపు. ఇప్పుడే ఇవ్వమనను, ఈ గది వాడికి చాలదు, మా స్థితి కూడా ఇంకా వాడికి తగ్గది కాదు. నా పేరుతో ఒక ఇల్లు దొరికాక కబురు పెడతాను. పరాయివాళ్ళ ఇల్లు చూసినట్టే వచ్చి చూడు. అక్కని కదా అని ఏ ప్రశ్నా వదలకు. తగమనిపిస్తే ఇవ్వకు, నేను నొచ్చుకోను. ఈలోపు వాడికి మంచి ఇల్లు దొరికితే ఇచ్చెయ్. వాడు మాకోసం ఆగాల్సిన అవసరం లేదు, చేసింది చాలు.

పొద్దున పాప పుస్తకంలో ఏదో బొమ్మ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏమిటే అంటే నా చెవి దగ్గరికొచ్చి, ఇక్కడ గట్టిగా నవ్వొచ్చా అమ్మా అని అడిగింది. నవ్వొచ్చని చెప్పాను. ఎంత గట్టిగానైనా నవ్వొచ్చని చెప్పాను. ఇద్దరికీ ఇంకా అలవాటు కాలేదు బుజ్జీ. అలవాటయ్యాక పిలుస్తాను, అప్పుడు రా ఇల్లు చూడ్డానికి.

అక్క